పిన్ని కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తోంది

ప్రశ్న: పక్షవాతంతో పిన్ని మంచాన పడింది. ఆమె పెంచుకుంటున్న రెండున్నర నెలల కుక్కపిల్లను మేం తెచ్చుకున్నాం. పాలన్నం పెడితే విరేచనాలు. రాత్రంతా ఏడుపు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాలు ఈరోజే మానేయండమ్మా, చాలా కుక్కపిల్లలకు గేదెపాలు అరగవు. ఉప్పు, ఉల్లి తగలకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తని అన్నం కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెట్టండి. పక్కన ఎప్పుడూ మంచినీళ్లు ఉండాలి. విరేచనంలో రక్తం కనిపించినా, వాంతులైనా, డీలా పడినా ఆ పూటే పశువైద్యుడికి చూపించండి. పేగులను దెబ్బతీసే పార్వో వైరస్ సోకితే, చికిత్స అందని ఈ వయసు కుక్కపిల్లలు లక్షణాలు మొదలైన రెండు మూడు రోజుల్లోనే ప్రాణం విడవొచ్చు, తెల్లవారాక చూద్దామనుకోవద్దు. పిన్ని ఇంట్లో టీకాల కార్డు వెతకండి. పార్వో టీకా 16 వారాల వయసు వరకు విడతలుగా వేయించాలి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఇక ఏడుపంటారా, పిన్ని కట్టి విడిచిన చీర ఒకటి ఉతకకుండా దాని పడకలో వేయండి. ఆమె వాసన తెలిస్తే కుదుటపడుతుంది.