కోర్సు డ్రాప్ చేయడం, విత్‌డ్రా చేయడం ఒకటేనా?

"మొదటి సెమిస్టర్‌లోనే ఒక సబ్జెక్టు అస్సలు ఎక్కడం లేదు. వదిలేస్తే రికార్డులో పడుతుందా?" అని ఒక విద్యార్థి అడిగారు. ఎప్పుడు వదులుతున్నారన్నదే ముఖ్యం.

చాలా యూనివర్సిటీలు సెమిస్టర్ మొదట్లో కొన్ని రోజులు కోర్సులు మార్చుకోవడానికి ఇస్తాయి. ఆ గడువులోపు వదిలితే డ్రాప్. ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే కోర్సులూ గ్రేడ్లూ ఉండే అధికారిక రికార్డులో, సాధారణంగా ఆ కోర్సు పేరే కనిపించదు. గడువు దాటాక వదిలితే విత్‌డ్రా. అప్పుడు గ్రేడు ఉండాల్సిన చోట 'డబ్ల్యూ' అని పడుతుంది కానీ, గ్రేడ్ల సగటులో మాత్రం కలవదు. ఒక్క డబ్ల్యూకి టెన్షన్ అక్కర్లేదు. ప్రతి సెమిస్టర్‌లో ఒకటి ఉంటే మాత్రం చూసేవాళ్లు కారణం అడుగుతారు.

ఫెయిలైతే లెక్క వేరు. సగటును క్రెడిట్ల (కోర్సు ఎంత పెద్దదో చెప్పే అంకె) బరువును బట్టి కడతారు. 10 పాయింట్ల స్కేలులో 2 క్రెడిట్ల కోర్సుకి 9, 4 క్రెడిట్ల కోర్సుకి 0 వచ్చాయనుకోండి. సగటు 4.5 కాదు, 3. అందుకే పెద్ద కోర్సులో ఫెయిలవడం కన్నా డబ్ల్యూ నయమని నా అభిప్రాయం.

అయితే వదిలే ముందు మిగిలిన క్రెడిట్లు లెక్కపెట్టుకోండి. ఫుల్‌టైమ్ విద్యార్థికి ఉండాల్సిన కనీస సంఖ్య కన్నా తగ్గితే స్కాలర్‌షిప్, హాస్టల్ గది, విదేశీ విద్యార్థులకైతే వీసా కూడా చిక్కులో పడొచ్చు. ఫీజు వాపసు గడువు విడిగా ఉంటుంది, అదీ చూసుకోండి.

ఇంకోటి, క్లాసుకి వెళ్లడం మానేస్తే కోర్సు వదిలినట్టు కాదు. ఫారం పెట్టకపోతే పేరు అలాగే ఉండి, చివర్లో ఫెయిల్ గ్రేడు వచ్చే ప్రమాదం ఉంది.