రాయి మీద మొలిచింది ఏ అనిమోన్? ట్యాంకులో ఉప్పుటేరు నీళ్ళు పోయొచ్చా?

మీరు మూడు సంగతులు అడిగారు: రాయి మీద గోధుమరంగులో పువ్వుల్లా మొలిచినవి ఏమిటి, అనిమోన్ల మధ్య కాపురముండే క్లౌన్ చేప వాటిలో చేరుతుందా, ఉప్పుటేరు నీళ్ళు తెచ్చి పోస్తే సరిపోతుందా అని. మాది భీమవరం దగ్గర ఊరండి. వనామీ రొయ్యల చెరువులున్నాయి, ముందుగదిలో సముద్రపు జీవుల్ని పెంచే రీఫ్ ట్యాంకూ ఉంది. చెరువు అనుభవం ట్యాంకు దగ్గర సగం అక్కరకొస్తుంది, మిగతా సగం పువ్వులా కనిపించే సముద్రజీవి అనిమోన్‌ని చంపుతుంది.

సన్నటి కాడ, అవతలి వెలుతురు కనబడేంత పలచటి ఒళ్ళు, నోటి చుట్టూ మొనదేలిన పొడుగాటి తీగలు (టెంటకిల్స్), వేలు దగ్గరికెళ్తే చటుక్కున కన్నంలోకి ముడుచుకోవడం. మీరు రాసిన ఈ గుర్తులన్నీ ఐప్టేసియావే, ట్యాంకుకి తెగులులా పట్టే అనిమోన్ అది. క్లౌన్ చేప కోసం దాన్ని ఉంచుకోనక్కర్లేదు. అలాగని గోకి తీయకండి, పాదం తాలూకు చిన్న ముక్క రాయికి మిగిలినా అందులోంచి ఇంకోటి లేస్తుంది. నేనైతే పంపులు ఆపి, సున్నాన్ని, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్‌ని చిక్కగా కలిపి సిరంజితో దాని నోటి మీద పెడతాను. ఒకే రోజు అన్నిటికీ పెట్టొద్దు, పీహెచ్ ఎగబాకుతుంది. చెరువుకి సున్నం చల్లేవాళ్ళకి ఇది వేరే చెప్పాలా! పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా వీటిని తింటాయి. కొన్ని మాత్రం మేతకి మరిగి వీటి వంక చూడవు.

పొట్టిగా, కొసలు ఉబ్బి ఉంటే అది మజానో అనే ఇంకో అనిమోన్, అదీ తెగులే. క్లౌన్ చేప చేరే బబుల్ టిప్ అనిమోన్ పిల్ల అనుకుని దాన్ని ముద్దుగా పెంచేవాళ్ళున్నారు.

అనిమోన్ కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకండి, కింద చూడండి. బబుల్ టిప్ కాడ నున్నగా ఉంటుంది, పాదం రాతి సందులో లోతుగా దాస్తుంది. మాగ్నిఫికా అనే రకం కాడకి వరసలుగా బుడిపెలుంటాయి, రాయెక్కి పైన కూర్చుంటుంది. హడోనీ కార్పెట్ అనే రకం ఇసకలో పాతుకుంటుంది. తెల్లగా పాలిపోయిందంటే లోపల ఉండి తిండి తయారుచేసే జూగ్జాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు పోయినట్టు. నిమ్మపండు పసుపులో మెరిసిపోతుంటే రంగు వేశారేమో అని అనుమానించాలి. నోరు తెరుచుకుని వేలాడుతున్నా, పాదం చిరిగినా తీసుకోవద్దు, ఎంత తగ్గించి ఇస్తానన్నా సరే.

క్లౌన్ చేపలు చేరే అనిమోన్లు మొత్తం పది రకాలే. మీ దగ్గరున్న ఓసెల్లారిస్ రకం క్లౌన్ చేప సముద్రంలో బబుల్ టిప్‌ని ఆశ్రయించదు. ట్యాంకులో చాలాసార్లు ఒప్పుకుంటుంది, ఒక్కోసారి ఎప్పటికీ దాని దరికి రాదు. అయినా మొదటిసారి పెంచేవాళ్ళకి బబుల్ టిప్పే నయం, మాగ్నిఫికా చాలా పెంకిది.

ఇక నీళ్ళు. ఉప్పుటేరు నీళ్ళు వద్దండి. వానాకాలంలో అందులో ఉప్పదనం పడిపోతుంది, ఎండల్లో పెరుగుతుంది. వనామీ పది, పదిహేను పీపీటీలో (వెయ్యి పాళ్ళ నీళ్ళలో ఉప్పు పాళ్ళు) కూడా పెరుగుతుంది. అనిమోన్‌కి మాత్రం 35 పీపీటీ కావాలి, అదీ రోజూ ఒకేలా ఉండాలి. ఉప్పు బోరు నీళ్ళూ అంతే. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో అంకె సరిపోయినా పొటాషియం తక్కువ ఉంటుంది, చెరువుకి పొటాష్ చల్లేది అందుకేగా. ఆర్వో నీళ్ళలో సముద్రపు ట్యాంకుల కోసం అమ్మే మెరైన్ సాల్ట్ కలుపుకోండి. నాచు చావడానికి చెరువుల్లో కాపర్ సల్ఫేట్ వాడతారు. ఆ రాగి ఏ కాస్త తగిలినా అనిమోన్ బతకదు. అందుకే చెరువు బకెట్లు, మగ్గులు మా ట్యాంకు గదిలోకి రానివ్వను.

మేతకి వారానికోసారి చిన్న సముద్రపు చేప ముక్క చాలు. చెరువు రొయ్య పచ్చిది వేయకండి. రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ ఫ్రీజర్‌లో పెట్టినా చావదు, మీ పెప్పర్‌మింట్ రొయ్యలకి అంటుకోవచ్చు.

నీళ్ళ వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన దగ్గర నీళ్ళు చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఏసీయో లేకుండా అది కష్టం. ఫ్యాను పెడితే నీళ్ళు ఆవిరవుతాయి కానీ ఉప్పు పోదు, కాబట్టి తగ్గినంతా ఉప్పు కలపని ఆర్వో నీళ్ళే పోయాలి. కరెంటు పోతే నడవడానికి బ్యాటరీ గాలి పంపు దగ్గరుంచుకోండి.

మీ ట్యాంకు పెట్టి రెండు నెలలే అన్నారు. కనీసం ఆరు నెలలు నిండనివ్వండి. ఈలోగా ఐప్టేసియా పని పట్టండి, నీళ్ళు తిప్పే పంపులకి (పవర్‌హెడ్లకి) స్పాంజి తొడగండి. కొత్త అనిమోన్ నచ్చిన చోటు దొరికేదాకా తిరుగుతుంది, తొడుగు లేకపోతే పంపు దాన్ని లాగి ముక్కలు చేస్తుంది.