ఇవాన్ బిలీబిన్ ఎవరు? ఆయన బొమ్మల్ని ఎలా గుర్తుపట్టాలి, ఆ తీరులో ఎలా గీయాలి?

మీరు పెట్టిన బొమ్మ రష్యన్ చిత్రకారుడు బిలీబిన్‌దే. కర్రకి గుచ్చిన పుర్రె, దాని కళ్లలోంచి వెలుగు, దాన్ని దీపంలా పట్టుకుని వస్తున్న అమ్మాయి, వెనక మంత్రగత్తె ఇల్లు. ‘అందాల వసిలీస’ అనే జానపద కథకి 1899లో వేసింది. ఈయన ఎవరు, ఇంత మందంగా, ఇంత సమంగా గీత ఎలా వచ్చింది, ఇంట్లో ప్రయత్నించాలంటే ఏం కావాలి అని అడిగారు. మూడింటికీ జవాబు అచ్చాఫీసు దగ్గరే మొదలవుతుంది.

ఆ రోజుల్లో రంగుల బొమ్మ అచ్చు వేయాలంటే ఎక్కువగా రాతి అచ్చే. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. పది రంగులుంటే పది రాళ్లు, కాగితం పదిసార్లు యంత్రంలోకి వెళ్లాలి, ప్రతిసారీ అదే చోట పడాలి. వెంట్రుకవాసి జరిగినా ముఖం మీది ఎరుపు చెవి మీదికి పోతుంది. రంగులోంచి రంగులోకి జారే నీడలు ఈ పద్ధతిలో తేవచ్చుగానీ శ్రమా ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. అదే చుట్టూ గట్టి నల్ల గీత, లోపల చదునైన రంగు అనుకోండి, రాయి కొంచెం జరిగినా ఆ తేడాని గీత మింగేస్తుంది. బిలీబిన్ శైలి అని మనం అంటున్నదాంట్లో సగం ఇదే. మిగతా సగం ఆయన చెయ్యి.

పుట్టింది 1876లో, పీటర్స్‌బర్గ్ దగ్గర తర్హోవ్కలో. తండ్రి నౌకాదళ వైద్యుడు. కొడుకుని లాయరు చేయాలని ఆయన పట్టు, అందుకని పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో లా చదువు. చదువుతూనే ఇంకోవైపు డ్రాయింగు బడి. 1898లో మ్యూనిక్‌లో అంటన్ అజ్‌బె స్టూడియోలో రెండు నెలలు, తిరిగొచ్చాక కళాపోషకురాలు తెనిషేవా నడిపిన వర్క్‌షాపులో పేరున్న చిత్రకారుడు ఇల్యా రేపిన్ దగ్గర శిష్యరికం. ఆ మధ్యలోనే విక్తర్ వస్నెత్సోవ్ వేసిన ముగ్గురు వీరుల పెద్ద తైలవర్ణ చిత్రం ప్రదర్శనలో చూశాడు. రష్యన్ పాతకథలనీ ఇంత గంభీరంగా వేయవచ్చని తెలిసింది అక్కడే. 1899 వేసవిలో త్వేర్ ప్రాంతంలోని యెగ్నీ అనే పల్లెకి పోయి జానపద కథలకి బొమ్మలు మొదలుపెట్టాడు.

వాటిని అచ్చు వేసింది ఎవరనుకున్నారు? జార్ ప్రభుత్వం కరెన్సీ నోట్లు ముద్రించే ముద్రణాలయం. రంగు మీద రంగు తప్పకుండా కూర్చోబెట్టడం వాళ్లకి రోజూ పనే. 1901 నుంచి 1903 దాకా వరసగా వచ్చిన ఆ పుస్తకాలు పెద్ద సైజు, పలచటివి, పన్నెండేసి పేజీలు. ‘కప్ప రాకుమారి’, ‘మార్య మొరేవ్న’, ‘ఇవాన్ రాకుమారుడు – నిప్పుపిట్ట – బూడిదరంగు తోడేలు’ వాటిలోవే. విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్ల దగ్గర సోవియట్ పిల్లల పుస్తకాలు కొని పెరిగినవాళ్లకి ఈ ప్రపంచం కొత్తేమీ కాదు. కోడికాళ్ల ఇల్లు, రోట్లో కూర్చుని రోకలితో తోసుకుంటూ, చీపురుతో జాడ చెరిపేసుకుంటూ ఎగిరే ముసలి బాబా యాగా. ఆ ముసలిదానికి బిలీబిన్ ఇచ్చిన రూపం 1900 నాటిది. కింద ఎర్రటి విషపు పుట్టగొడుగులు, వెనక తెల్లటి భోజపత్ర చెట్ల మొదళ్లు. ఆ తర్వాత ఎంతమంది వేసినా ఆ రోలూ ఆ చీపురూ అటూ ఇటూగా అలాగే ఉంటాయి.

1902 నుంచి 1904 మధ్య మ్యూజియం తరఫున వోలొగ్ద, అర్హంగెల్స్క్, ఒలొనెత్స్ ప్రాంతాలు తిరిగాడు. చెక్క గుళ్ల ఫొటోలు తీశాడు, పాత బట్టలు, కుట్టుపనులు సేకరించాడు. నన్నడిగితే బిలీబిన్ పనిని ఈ ప్రయాణాలకి ముందు, తర్వాత అని రెండుగా విడదీసి చూడాలి. ముందువాటిలో అడవి బాగుంటుంది, బట్టలు మాత్రం ఊహ. తర్వాతి వాటిలో తలపాగా మీది ముత్యం కూడా ఎక్కడిదో చెప్పేటంత కచ్చితం. పూష్కిన్ కథలకి వేసిన ‘జార్ సాల్తాన్’ (1905), ‘బంగారు కోడిపుంజు’ (1906–07) ఈ రెండో కాలానివి, నా లెక్కలో ఆయన పనిలో అత్యుత్తమం ఇవే. సాల్తాన్‌లో పీపా కొట్టుకుపోయే సముద్రం చూడండి. ఆ అల గోళ్లలా వంగిన నురగతో సహా జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ దగ్గర్నుంచి వచ్చింది. దాచుకోలేదు కూడా.

పిల్లల బొమ్మలవాడని తేలిగ్గా తీసుకోకండి. 1905 విప్లవం వేడిలో ‘జూపెల్’ అనే వ్యంగ్య పత్రికకి ఒక గాడిదని వేశాడు. బొమ్మలో దోషమేమీ లేదు, చక్కని గాడిద. కాకపోతే దాని చుట్టూ రాజుగారి చిత్రపటాలకి పెట్టే రాజముద్రల చట్రం, కింద ‘అసలు సైజులో 1/20వ వంతు’ అని. పత్రిక మూతపడింది, ఆయన్ని అరెస్టు చేసి వదిలేశారు. 1917లో జార్ దిగిపోయాక తాత్కాలిక ప్రభుత్వానికి రెండు తలల గద్దని గీసిచ్చింది కూడా ఈయనే. కిరీటాలు లేవు, రాజదండం లేదు, రెక్కలు కిందికి వాలి ఉంటాయి. నాణేలు కూడబెట్టే అలవాటుంటే సోవియట్ కాలం తర్వాత, 2016కి ముందు అచ్చయిన రూబుల్ నాణెం తిప్పి చూడండి, దాని మీదున్నది ఆ గద్దే.

తర్వాతి జీవితం సూట్‌కేసు మీదే గడిచింది. 1920లో అంతర్యుద్ధంలో ఓడిన పక్షంవాళ్లతో పాటు నొవొరొస్సీస్క్ రేవులో ఓడ ఎక్కి ఈజిప్టు చేరాడు. కైరోలో గ్రీకు వర్తకుల ఇళ్లకి బైజాంటిన్ తరహా పెద్ద చిత్రాలు, అక్కడి గ్రీకు ఆసుపత్రి చర్చికి దేవతాచిత్రాలు. అక్కడే పింగాణీ చిత్రకారిణి అలెక్సాంద్ర షెకతీహిన-పొతోత్స్కయాతో పెళ్లి, అది ఆయనకి మూడోది. 1925 నుంచి పారిస్‌లో పదకొండేళ్లు. రంగస్థలం పని, పుస్తకాల పని దొరికాయి, మనసు నిలవలేదు. 1936లో సోవియట్ పౌరసత్వంతో లెనిన్‌గ్రాద్ (పీటర్స్‌బర్గ్‌కే అప్పటి పేరు) తిరిగొచ్చి ఆర్ట్ అకాడమీలో గ్రాఫిక్స్ ప్రొఫెసర్‌గా చేరాడు. యుద్ధంలో నగరాన్ని ముట్టడించినప్పుడు వెళ్లిపొమ్మంటే వెళ్లలేదు. 1942 ఫిబ్రవరి 7న ఆకలితో చనిపోయాడు. అకాడమీ ప్రొఫెసర్లతో కలిపి ఉమ్మడి గోతిలో పూడ్చారు.

ఇక గీత సంగతి. తోటి చిత్రకారులు ఆయన్ని ‘ఇనుపచేతి ఇవాన్’ అనేవాళ్లు. బిలీబిన్ ముదిరాక వాడింది కలం కాదు, కుంచె. కొలిన్‌స్కీ అనే చిన్న జంతువు వెంట్రుకల సన్న కుంచె మొనని ఏటవాలుగా కత్తిరించి దాంతో లాగేవాడు. కొత్తవాళ్లు బ్రష్ పెన్నుతో మొదలుపెట్టి ఇక్కడే బోల్తా పడతారు. బ్రష్ పెన్ను గీత ఉబ్బుతుంది, చివర్న సన్నబడుతుంది, చూడ్డానికి కామిక్ పుస్తకంలా తయారవుతుంది. బిలీబిన్ గీత వంచిన తీగలాంటిది, మొదలెంతో చివరా అంతే. 2 లేదా 3 నంబరు కుంచె తీసుకుని, తడిపి మొన తెచ్చి, కొత్త బ్లేడుతో అర మిల్లీమీటరు మాత్రమే కోయండి. ఎక్కువ కోస్తే ఆ కుంచె ఇక దేనికీ పనికిరాదు. వేళ్లతో కాదు, మోచేతి నుంచి లాగండి. వంపు వస్తే చెయ్యి తిప్పకండి, కాగితం తిప్పండి.

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు), నునుపు రకం అంటే హాట్ ప్రెస్డ్. గరుకు కాగితం మీద గీత పంటికొరుకుళ్లలా తెగుతుంది. ముందు చిత్తుబొమ్మ, దాని మీద ట్రేసింగ్ పేపరు, అక్కణ్ణుంచి అసలు కాగితం మీదికి. ఆయనా ఈ వరసలోనే చేసేవాడు. ఎక్కించడానికి కార్బన్ పేపరు వాడకండి. అందులోని మైనం నీటిరంగుని తోసేస్తుంది, గీత వెంబడి తెల్లటి చుక్కలు మిగులుతాయి. ట్రేసింగ్ పేపరు వెనక 2బి పెన్సిలు రుద్దితే చాలు.

అచ్చు వేయించే ఉద్దేశముంటే ఏ3లో గీసి ఏ4కి తగ్గించండి. కొలతలు 71 శాతానికి దిగుతాయి. బయటి గీత 0.8 మిల్లీమీటర్లుంటే 0.57 అవుతుంది. లోపలి సన్న గీత 0.4 కంటే తగ్గించకండి, తగ్గిస్తే అచ్చులో విరిగిపోతుంది.

ఇంకు వాటర్‌ప్రూఫ్ అయి తీరాలి. ఫౌంటెన్ పెన్ను ఇంకు మీద నీటిరంగు పడగానే మొత్తం బూడిదరంగు బురద అవుతుంది. వాటర్‌ప్రూఫ్ అని రాసున్నా రాత్రంతా ఆరనివ్వండి, వానాకాలమైతే రెండు రాత్రులు. షెల్లాక్ (లక్క) ఉన్న ఇంకైతే కుంచెని వెంటనే కడగాలి. అరగంట మరిచిపోతే పుల్లలా బిగుసుకుంటుంది.

రంగు చదునుగా పరవడం గీత కన్నా కష్టం. ఏ3 బొమ్మలో ఆకాశానికి 20 మిల్లీలీటర్ల దాకా ఒకేసారి కలిపిపెట్టుకోండి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే ఛాయ రాదు. కాగితం పెట్టిన పలక వెనక వైపు మూడు నాలుగు సెంటీమీటర్లు ఎత్తి పెట్టండి. కింది అంచున రంగునీరు వరసగా నిలబడి ఉండాలి, దాన్ని కిందికి నడిపించుకుంటూ పోవాలి. సగం ఆరినచోట మళ్లీ కుంచె పెడితే కొత్త నీరు పాత రంగుని తోసుకుపోయి కాలీఫ్లవర్ లాంటి మచ్చ పడుతుంది. ఎండాకాలంలో పొద్దున్నే చేయండి, ఫ్యాన్ కట్టేసి.

రంగుల ఎంపికలో ట్యూబులోంచి వచ్చింది వచ్చినట్టు వాడితే దెబ్బతింటారు. ఆయన ఆకుపచ్చ ఎప్పుడూ కొంచెం మాసినట్టుంటుంది. ఎల్లో ఓకర్‌లో చిటికెడు ప్రష్యన్ బ్లూ, దాన్ని చంపడానికి ఒక చుక్క బర్న్ట్ సియెన్నా కలిపితే దగ్గరికొస్తుంది. ఇటుక ఎరుపు, ఇండిగో, సెపియా కూడా లెక్కేసినా మొత్తం ఆరేడు రంగులు దాటవు. నీడ కావాలంటే రంగుని జార్చకండి, అదే రంగుని ఒక మెట్టు ముదురుగా, అంచు కోసినట్టు రెండో పొర వేయండి.

చుట్టూ ఉండే అంచు అలంకారం కాదు, బొమ్మలో భాగం. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ‘రష్యన్ బోర్డర్’ అతికిస్తే వెంటనే తెలిసిపోతుంది. ఆయన అంచుల్లోని లతలు కుట్టుపని నుంచి, చెక్క చెక్కుడు నుంచి వచ్చినవి, కథకి తగ్గట్టు మారేవి. అంచు గీతా బొమ్మ గీతా ఒకే మందం. ఈ రోజుల్లో కంప్యూటరు పుట్టిస్తున్న నకిలీ బిలీబిన్‌లని నేను పట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. అంచులోని తీగ ఒక మూల మొదలై రెండో మూలకి చేరేసరికి ఎక్కడికో మాయమవుతుంది.

వస్నెత్సోవ్‌తో పొరబడకుండా ఉండటం సులువు. ఆయనది తైలవర్ణం, నల్లగీత ఉండదు. నల్ల నేపథ్యం మీద బంగారు సన్నగీతలుంటే అది రష్యాలోని పాలేహ్ అనే ఊరి లక్కపని. బిలీబిన్ సంతకం చాలాసార్లు రెండే అక్షరాలు, పక్కన సంవత్సరం. మొదటి అక్షరం మనకి అద్దంలో చూసిన ఇంగ్లీషు ఎన్‌లా కనిపిస్తుంది.

గోడకి పెట్టుకునే ప్రింటు కావాలంటే, ఆయన పోయి అరవై ఏళ్లు దాటింది కాబట్టి మన దేశంలో కాపీరైటు 2002తోనే తీరిపోయింది. 25 × 32 సెంటీమీటర్లకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) దాదాపు 2950 × 3780 పిక్సెళ్ల ఫైలు చాలు. ఫైలుని ముందు పెద్దది చేసి చూడండి. గులాబీ రేకుల్లా వరసగా చుక్కలు కనిపిస్తే అది తర్వాతి ఆఫ్‌సెట్ పుస్తకం నుంచి స్కాన్ చేసింది. మళ్లీ అచ్చు వేస్తే ఆ చుక్కలూ కొత్త చుక్కలూ కలిసి గళ్ల లుంగీలా తేలతాయి. రాతి అచ్చు నుంచి తీసినదైతే రంగు చదునుగానో, ఇసుక చల్లినట్టు క్రమం లేని చుక్కలుగానో ఉంటుంది, అది తీసుకోండి.