తుప్పా, చిలుమా?

సందేహం: మా అబ్బాయి సైన్స్ పరీక్షలో 'రాగి పాత్ర తుప్పు పట్టింది' అని రాస్తే టీచర్ కొట్టేసి 'చిలుము' అని దిద్దారు. లోహం ఏదైనా తుప్పు అనకూడదా? రెండూ ఒకటి కాదా?

సమాధానం: టీచర్ దిద్దింది సరైనదే. తుప్పు ఇనుముకు పడుతుంది. చిలుము రాగికీ, రాగి కలిసిన ఇత్తడి, కంచులకూ పడుతుంది. మాటల్లో ఒకదానికి బదులు మరొకటి అనేవారు ఉన్నారు, అక్కడ పట్టింపు అక్కర్లేదు. సైన్స్ జవాబులో మాత్రం తేడా పాటించాలి. ఎందుకంటే ఆ పదార్థాలే వేరు.

తడి, గాలిలోని ఆక్సిజన్ తగిలి ఇనుము మీద ఏర్పడే ఎర్రమట్టి రంగు పొడి తుప్పు. అది నీటి అణువులు కలిసిన ఫెర్రిక్ ఆక్సైడ్. రాగి విషయంలో వీటికి కార్బన్ డయాక్సైడ్ కూడా తోడవుతుంది. అందుకే చిలుములో ముఖ్యంగా ఉండేది కాపర్ కార్బొనేట్, కాపర్ హైడ్రాక్సైడ్‌లు కలిసిన ఆకుపచ్చ పదార్థం. గుణంలోనూ పోలిక లేదు. తుప్పు గుల్లగా ఉండి పొరలుగా రాలిపోతుంది, దాంతో లోపలి ఇనుము మళ్లీ గాలికి బయటపడుతుంది. చిలుము గట్టిగా అంటుకుని లోపలి రాగిని చాలావరకు కాపాడుతుంది. 1886లో నెలకొల్పిన న్యూయార్క్ స్వేచ్ఛా విగ్రహం మీది పచ్చదనం కూడా చిలుమే, కాకపోతే అందులో ఎక్కువగా ఉండేది కార్బొనేట్ కాదు, సల్ఫేట్. దాని రాగి రేకు మందం 2.4 మిల్లీమీటర్లే అయినా ఇంకా నిలిచి ఉంది.

ఈ మాటల పుట్టుక చెప్పకుండా వదలలేను. తుప్పుకు పాత రూపం త్రుప్పు. త్రాగు తాగు అయినట్టు, క్రొత్త కొత్త అయినట్టు ఇందులోనూ రేఫ జారిపోయింది. చిలుముకు కిలుము అనే రూపం కూడా ఉంది, కన్నడంలో కిలుబు అంటారు. ఇకార ఎకారాల ముందు మాట మొదట్లోని కకారం తెలుగులో చకారం కావడం మామూలే: కన్నడ 'కివి' మన చెవి, 'కెయ్' మన చెయ్యి. పొగ తాగే చిలుం మాత్రం పరాయి మాట, దీనికి చుట్టం కాదు.

అన్ని లోహాలకూ సరిపోయే మాటే కావాలంటే పాఠ్యపుస్తకాల్లో 'క్షయం' ఉంది. ఇనుము తుప్పు పట్టడం, రాగికి చిలుము పట్టడం, వెండి నల్లబడడం అన్నీ క్షయమే. వెండి మీది నలుపు సిల్వర్ సల్ఫైడ్. దానికి తెలుగులో తుప్పులాగా విడిగా స్థిరపడిన పేరు లేదు కాబట్టి 'వెండి నల్లబడింది' అనే రాయించండి.