ఉద్యోగం మానేసి చెరువు వేస్తానన్నావట

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. "లక్షణమైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు లీజుకు తీసుకుంటాడట అక్కా, నువ్వైనా చెప్పు వాడికి" అంది. సరే చెప్తాలే అని ఫోన్ పెట్టేశాను. పెట్టాక ముందు నవ్వొచ్చింది. మన ఇంట్లోంచి మళ్లీ ఒకడు చెరువు గట్టు ఎక్కుతున్నాడు కదా అని లోపల గర్వంగానే ఉంది. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే నువ్వు ఊఁ ఊఁ అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

నీకు తెలిసినవే ముందు గబగబా చెప్పేస్తాను. లీజు నోటిమాట మీద వద్దు, కాగితం రాయించుకో. ఆ చెరువులకి లైసెన్సు ఉందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో నువ్వే వెళ్లి అడుగు, చెరువు యజమాని మాట నమ్మకు. మట్టీ నీళ్లూ ల్యాబ్‌లో చూపించు. సీడ్, అదే రొయ్యపిల్ల, ఎంత చవగ్గా వస్తున్నా వైరస్ లేదని తేల్చే పీసీఆర్ టెస్టు కాగితం లేకపోతే ముట్టుకోకు. ఖర్చులో సగం పైన మేతకే పోతుంది, కాబట్టి రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిసే చెక్ ట్రే నువ్వే ఎత్తి చూసుకో, కుర్రాడి మీద వదిలేయకు. జనరేటర్ లేని చెరువు ఊరికే ఇచ్చినా వద్దు.

ఇంకోటి, ఫిబ్రవరికి ఆ కంపెనీలో నీకు ఐదేళ్లు నిండుతాయని మీ అమ్మ అంది. అయితే ఫిబ్రవరి దాటేదాకా రాజీనామా ఊసెత్తకు. ఐదేళ్లు నిండకుండా బయటికొస్తే గ్రాట్యుటీ వదులుకున్నట్టే. ఎవరి మీద కోపంతో వదులుతావు అంత డబ్బు? కంపెనీ ఇన్సూరెన్స్ కూడా నువ్వు మానేసిన రోజుతో సరి. సొంతంగా హెల్త్ పాలసీ ఒకటి ఇప్పుడే తీసుకో. మీ నాన్నకి షుగర్ ఉంది. ముందునుంచీ ఉన్న జబ్బులకి పాలసీ తీసుకున్నాక మూడేళ్ల దాకా ఆగమంటారు కొన్ని కంపెనీలు. ఆ లెక్క ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది.

ఇప్పుడు అసలు సంగతి. "భయమేస్తోంది పెద్దమ్మా, అయినా చెయ్యాలనుంది" అని మొన్న నాకు మెసేజ్ పెట్టావు. నీ ప్లాన్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ ఒక్క మాటే. భయం లేదన్నవాడికి నేను రూపాయి కూడా అప్పివ్వను. అయితే ఆ మాట నాకు చెప్పావు, బానే ఉంది. కోడలికి చెప్పావా? ఎంత అప్పు తెస్తున్నావో, మియాపూర్ ఫ్లాట్ ఈఎంఐ ఎలా కడతావో ఆ పిల్లకి అంకెలతో సహా చెప్పావా? "అమ్మాయికి పూర్తిగా తెలీదు" అంది మీ అమ్మ. నాకు నిద్ర పట్టనిది ఆ మాటకే.

మీ పెదనాన్న సంగతి నీకు సగమే తెలుసు. లెక్కల మాస్టారుగా ఉద్యోగం మానేశారు, రొయ్యలు వేశారు, వైరస్ వచ్చింది, పోయింది. పండగల్లో అందరూ చెప్పుకునే కథ ఇంతే. మిగతాది నేను చెప్తాను. ఆయనకి చెప్పే రాస్తున్నాను, "రాయి, వాడికి పనికొస్తుంది" అన్నారు.

1990ల మొదట్లో మన వైపు ఎవరిని కదిపినా టైగర్ రొయ్య మాటే. వరి పండే చేలు తవ్వి చెరువులు చేశారు. ఆయన మొదటి పంటలో ముప్పై కౌంట్ రొయ్య పట్టారు. కిలోకి ముప్పై రొయ్యలే తూగితే అప్పట్లో అదొక గొప్ప. ఇంటికి కలర్ టీవీ వచ్చింది. ఆ ఊపులో రాజీనామా ఇచ్చేశారు. ఆ రోజు మా మామగారు భోజనం మానేసి, "నెలజీతం కాదని నీళ్లలో డబ్బు పోస్తావురా" అన్నారు. ఈయన మారు మాట్లాడలేదు. ఊళ్లో మాత్రం అందరూ ఆయన ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, అబద్ధం ఎందుకు.

1994 చివర్లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. తెల్లారగట్ల చెక్ ట్రే ఎత్తితే మేత మేతలాగే ఉంది. రొయ్యలు కొన్ని గట్టు పక్కకి వచ్చి బద్ధకంగా తిరుగుతున్నాయి. ఒకదాన్ని పట్టి తలపెంకు ఒలిచి వెలుగుకి పెట్టి చూస్తే, సున్నం చిలకరించినట్టు తెల్ల చుక్కలు. ఆయన చూశారు. చూసి ఆ రొయ్యని మళ్లీ చెరువులోకే విసిరేసి ఇంటికొచ్చి కాఫీ తాగారు. ఏమైందండీ అంటే, "మబ్బు పట్టింది కదా, మేత సరిగా తినట్లేదు" అన్నారు. అలా రోజులు గడిపారు. మందులషాపు వాడు ఏదిస్తే అది తెచ్చి పోశారు, మేత వేస్తూనే ఉన్నారు. ఆ వైరస్‌కి మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. చుక్కలు చూసిన రోజే వల వేయించి ఉంటే చిన్న రొయ్యే అయినా ఎంతోకొంత చేతికొచ్చేది. చివరికి వల వేస్తే వచ్చింది కంపు.

పంట పోయినందుకు నేను ఏడవలేదు చిన్నా. పంటలు పోతాయి. మీ పిన్ని పెళ్లికి నగలు తీద్దామని లాకర్ తెరిచాను. నా గాజులు లేవు, మా అమ్మ ఇచ్చిన కాసులపేరు లేదు. మేత బాకీ కోసం ఎప్పుడో వడ్డీ వ్యాపారి దగ్గర కుదువ పెట్టేశారట. నాతో మాత్రం ప్రతిసారీ "లాకర్‌లో భద్రంగా ఉన్నాయి" అంటూ వచ్చారు. ఆ ఇనప్పెట్టె మూత పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. బ్యాంకు కుర్రాడు "అమ్మా, టైమైపోయింది" అంటే బయటికొచ్చాను.

తర్వాత చాలాకాలానికి అడిగాను, ఎందుకు చెప్పలేదని. "చెబితే నాన్న మాట నిజమైపోయేది" అన్నారు. చూడు, ఊరందరి ముందు ఉద్యోగం వదలడానికి సరిపోయిన ధైర్యం వంటింట్లోకి వచ్చి నాలుగు ముక్కలు చెప్పడానికి సరిపోలేదు. ఆయనొక్కరే కాదు. పక్క చెరువుల వాళ్లూ అలాగే గుట్టుగా ఉంచి, రాత్రిపూట జబ్బు నీళ్లు కాలవలోకి వదిలేశారు. కింది చెరువు వాళ్లు పొద్దున్నే మోటారు వేసి అవే నీళ్లు తోడుకున్నారు. మొదట చూసినవాడు గట్టు మీద నిలబడి ఒక్క కేక వేసి ఉంటే ఎందరి తూములు మూసుకునేవో! పరువు పోతుందని ఎవరికి వాళ్లే నోరు మూసుకున్నారు. చివరికి అందరి చెరువులూ పోయాయి.

ఆయన్ని తిడుతున్నాననుకోకు. ఆ అప్పంతా ట్యూషన్లు చెప్పి, కౌలుకి వరి వేసి తీర్చారు. ఎవరిదీ రూపాయి ఎగ్గొట్టలేదు. కాసులపేరు రాలేదు గానీ గాజులు వచ్చాయి, నీ పెళ్లిలో నేను వేసుకున్నవి అవే. అప్పటినుంచి లెక్కల పుస్తకం నా చేతికొచ్చింది.

2009లో వనామీ అనే కొత్త రకం రొయ్యకి ప్రభుత్వం అనుమతిచ్చింది. తర్వాత నాలుగైదేళ్లకి ఊరంతా మళ్లీ చెరువుల మీద పడింది. ఆయన గట్టు దాకా వెళ్లి తిరిగొచ్చేసేవారు. వేద్దాం అన్నది నేను, నమ్ము. ఆదివారం భోజనాలయ్యాక పుస్తకం పైకి చదవాలి, పిల్లలు కూడా వినాలి అని ఒక్క షరతు పెట్టాను. ఎంత పెట్టాం, ఎంత బాకీ, ఈ పంట మొత్తం పోతే ఏది అమ్మాలి, అన్నీ. మొదటి ఆదివారం ఆయన గొంతు వణికింది. కొన్నాళ్లకి అలవాటైపోయింది. ఆ తర్వాత రెండుసార్లు పంట పోయింది. రెండుసార్లూ జబ్బు కనపడ్డ రోజే వల వేయించాం. నష్టమొచ్చింది, ఇల్లు నిలబడింది.

ఇప్పుడు నీ లెక్కకొద్దాం. మీ అమ్మ ఫోన్లో చదివి వినిపించింది. బాగానే వేశావు, కానీ రేటు ఒక్కటే పట్టుకుని వేశావు. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం సుంకం వేస్తే ఇక్కడ కొనేవాళ్లు రేట్లు దించేశారు. మన రొయ్యలు ఎక్కువగా కొనేది ఆ దేశమే. చెరువులో నీ తప్పేమీ లేకపోయినా అలాంటి రోజు వస్తుంది. ఆ రేటు పెట్టి ఇంకోసారి లెక్క వెయ్యి. అప్పుడు కూడా ఇంటి ఖర్చుకి ఏడాది డబ్బు విడిగా మిగిలితే నేను అడ్డు చెప్పను. పదెకరాలు వద్దు. ఒకే ఒక్క చెరువు వెయ్యి, అది కూడా మన ఊళ్లో మా కళ్లెదురుగా. మొగల్తూరు ఎక్కడికీ పోదు.

అంతకంటే ముందు ఒక పంట ఆఖరి నెల సెలవు పెట్టి వచ్చి ఇక్కడ ఉండు. వనామీ వంద, నూట ఇరవై రోజుల్లో పట్టుబడికొస్తుంది. ఆ చివరి రోజుల్లోనే మనిషి సంగతి తెలిసేది. రాత్రి రెండింటికి కరెంటు పోతుంది, నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, తెల్లారేలోపే రొయ్యలు పైకి తేలిపోతాయి. జనరేటర్ తిప్పేవాడు ఫోన్ ఎత్తడు. అలాంటి రాత్రులు కొన్ని చూశాక కూడా నీకు ఇదే పని కావాలనిపిస్తే రా.

ఇంకో సంగతి. దీనికి నవ్వకు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగిపోతే మెయిన్ ఆఫ్ చేయకుండా నీళ్లలోకి దిగకు. నువ్వు స్విచ్ కట్టేసి వచ్చినా సరే, ఇంకెవరైనా మళ్లీ వేశారేమో చూసుకునే దిగు. ఒట్టికాళ్లతో ప్యానెల్ బోర్డు ముట్టుకోకు. కరెంటు కొట్టి చెరువులోనే పోయిన కుర్రాళ్ల ఇళ్లకి పరామర్శకి వెళ్లినదాన్ని నేను. డబ్బు పోతే పోయింది గానీ, ఆ విషయంలో మాత్రం నామాట జవదాటకు నాయనా. లీజుకంటే ముందు వైరింగ్ మార్పించు.

మీ అమ్మకి నేను సర్ది చెప్తాను, అది నాకొదిలెయ్. నువ్వు మాత్రం ఈ శనివారం కోడల్ని కూర్చోబెట్టి అప్పు అంకె, వడ్డీ అంకె, ఏం పెట్టి అప్పు తెస్తున్నావో అన్నీ చెప్పు. ఆ పిల్ల వద్దంటే ఎందుకు వద్దంటోందో విను. బ్యాంకులో పనిచేస్తున్న మనిషి, నీకంటే బాగా లెక్క తెలుసు. నగల జోలికి మాత్రం వెళ్లొద్దు, తను ఇస్తానన్నా వద్దు. అంతా అయ్యాక ఇద్దరూ కలిసి నాకు ఫోన్ చెయ్యండి, స్పీకర్లో పెట్టి.

సంక్రాంతికి ఎలాగూ వస్తారుగా. నీ లెక్కల ఫైలు తెచ్చుకో. మీ పెదనాన్న ఎర్ర సిరా పెన్ను వెతుక్కుంటున్నారు అప్పుడే.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: నీ కాలి సైజు ఎంతో కోడలితో మెసేజ్ పెట్టించు. భీమవరంలో రబ్బరు బూట్లు నేను కొని ఉంచుతాను.