1960ల అమెరికన్ రాక్ బృందం 'ది బర్డ్స్' పాటల్లో గిటార్ అంత గలగలా ఎలా మోగింది? ఆ బృందం ఎందుకు నిలవలేదు?

మోతకు మూలం బృందంలోని రోజర్ మెగ్విన్ వాయించిన 12 తీగల రికెన్‌బ్యాకర్ ఎలక్ట్రిక్ గిటార్. తీగలు ఆరు జతలు. మంద్రం వైపు నాలుగు జతల్లో రెండో తీగ ఒక స్థాయి పైన ఉంటుంది, మిగతా రెండు జతలది ఒకే శ్రుతి. చిక్కేమిటంటే, ఈ గిటార్‌లో నాదం మీటగానే ఆరిపోతుంది. స్టూడియోలో కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గులను తగ్గించే పరికరం) పెట్టి మీటు దెబ్బను అణచి, వెనక మిగిలే నాదాన్ని పైకి లేపారు. గిటార్ కొన్నా ఆ శబ్దం రాలేదంటే లోపం సాధారణంగా ఇక్కడే. మెగ్విన్ బాంజో వాద్యం పద్ధతిలో ఒక పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) పాటు వేళ్లకు లోహపు పిక్‌లు తొడుక్కుని మీటేవాడు.

1964లో లాస్ ఏంజెలెస్‌లో కలిసిన ఐదుగురు 1965లోనే రెండు నంబర్ వన్ పాటలిచ్చారు: బాబ్ డిలన్ రాసిన 'మిస్టర్ టాంబరిన్ మ్యాన్', పీట్ సీగర్ బాణీ కట్టిన 'టర్న్! టర్న్! టర్న్!'. మొదటిదాని రికార్డింగ్‌లో బృందం నుంచి వాద్యం పట్టింది మెగ్విన్ ఒక్కడే. మిగతావి స్టూడియో వాద్యకారులవి.

1966లో పాటలు ఎక్కువ రాసే జీన్ క్లార్క్ వెళ్లిపోయాడు. విమానం భయం ఒక కారణం. నా లెక్కలో అసలు దెబ్బ అతను వెళ్లిపోవడమే. అదే ఏడు వచ్చిన 'ఎయిట్ మైల్స్ హై' మీద సితార్ విద్వాంసుడు రవిశంకర్, జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌ల ప్రభావం ఉంది. అది మత్తుమందుల గురించిన పాట అంటూ రేడియోలు దాన్ని పక్కనపెట్టాయి. 1967లో తొలి ఐదుగురిలో ఒకడైన డేవిడ్ క్రాస్బీని తీసేశారు. 1968లో గ్రామ్ పార్సన్స్ రాకతో కంట్రీ (అమెరికా పల్లె పాటల బాణీ) వైపు మళ్లారు. 1973లో తొలి ఐదుగురూ కలిసి ఇంకో ఆల్బమ్ చేశారు గానీ, పాత పట్టు దొరకలేదు.