యుద్ధం మొదలైన కొత్తలో పోర్ట్ సూడాన్ ఎలా ఉండేది?

సూడాన్ రాజధాని ఖార్టూమ్ సంగతి అందరూ చెబుతున్నారు, సముద్రం పక్కనున్న పోర్ట్ సూడాన్‌లో ఎలా గడిచిందని అడిగారు. 2023 జూలై దాకా నేనక్కడే ఉన్నాను, ఓ ప్రైవేటు కంపెనీ గోడౌన్‌లో స్టోర్ ఇన్‌ఛార్జిగా.

ఏప్రిల్ 15న ఖార్టూమ్‌లో సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళానికీ మధ్య కాల్పులు మొదలయ్యాయి. మా ఊరు సైన్యం చేతిలోనే ఉండిపోయింది. మా దగ్గరికి యుద్ధం బస్సుల్లో వచ్చింది. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఎడారి రోడ్డు మీద వచ్చి దిగేవాళ్లు. మనవాడొకడు దిగి జేబులో చెయ్యి పెడితే ఏసీ రిమోట్ తగిలింది. పాస్‌పోర్టు మర్చిపోయాడు, అది మాత్రం తెచ్చుకున్నాడు.

ఏప్రిల్ 25న మన నౌకాదళం ఓడ ఐఎన్ఎస్ సుమేధ మొదటి విడతగా 278 మందిని జెడ్డాకు తీసుకెళ్లింది. అదే ఆపరేషన్ కావేరి. మొత్తం 3,862 మందిని మన ప్రభుత్వం బయటికి తెచ్చింది. మన ఓడలు వెళ్లిపోయాక కూడా రేవు దగ్గర చెట్ల కింద సిరియా, యెమెన్ వాళ్లు పడిగాపులు కాస్తూనే ఉన్నారు. వాళ్ల ఊళ్లలో యుద్ధం తప్పించుకుని వచ్చినవాళ్లే మళ్లీ ఇక్కడ ఇరుక్కున్నారు.

ఇంటి అద్దెలు అమాంతం పెరిగాయి. నీళ్లకు ఆ ఊళ్లో ఎప్పుడూ కటకటే, గాడిద బళ్ల మీద అమ్ముతారు. జనం పెరిగాక బండి కోసం తెల్లారకముందే లేవాల్సి వచ్చేది. జూన్ వచ్చేసరికి ఎండ, దానికి తోడు ఉక్కపోత. కాకినాడ వాణ్ణి, ఉక్కపోత నాకేం కొత్త అనుకున్నాను. అది వేరు, ఇది వేరు. బ్యాంకులో డబ్బున్నా చేతికి నోట్లు దొరకవు. అక్కడి బెజా తెగ వాళ్లు మాత్రం ఏ పూటా జబనా మానలేదు. అల్లం వేసిన కాఫీ అది, చిన్న చిన్న కప్పుల్లో పోస్తారు. తెలియనివాణ్ణయినా పిలిచి కూర్చోబెట్టేవారు.

మీరూ ఆ ఓడలెక్కి వచ్చెయ్యొచ్చుగా అంటారేమో. మా ఆవిడా ఫోన్లో రోజూ అదే గొడవ. కంపెనీ నాకు మూడు నెలల జీతం బాకీ. వదిలి వస్తే అది గోవిందా అని ఉండిపోయాను. తప్పే చేశాను. సగమే చేతికొచ్చింది, అది పట్టుకుని జూలైలో విమానం ఎక్కాను. మిగతా నెలన్నర జీతం ఇంకా రావాలి.